కందకంలోకి దిగనివాళ్లు

మా ఆయన మిలిటరీ నుంచి తెచ్చిన సామాన్లలో నాకు కంట్లో నలుసులా ఉండేది ఒక్క మగ్గు. తెల్లటి ఎనామిల్ పూత, నీలం అంచు. కొత్తలో ముచ్చటగానే ఉండి ఉంటుంది. నా చేతికి వచ్చేసరికి మాత్రం అడుగంతా పెచ్చులు లేచి, ఒక పక్క సొట్టపడి, ఎవరో పారేస్తే ఏరుకొచ్చినట్టు ఉండేది. ట్రంకుపెట్టె, కంబళి, ఉన్ని జెర్సీ, మెరిసే బూట్లు, ఇవన్నీ మా కాలనీ ఆడవాళ్లంతా వచ్చి తడిమి చూసి పోయినవే. ఈ మగ్గును మాత్రం నేను ఎవరికీ చూపించేదాన్ని కాదు. ఆయనేమో తెల్లారగానే లేచి, పరుపు చుట్ట చుట్టి మూలకు నిలబెట్టి, అందులోనే చాయ్ పోయించుకుని గడపలో కూర్చునేవాడు.

ఒకసారి పాత సామానుకు కొత్త గిన్నెలు ఇచ్చే మనిషి వస్తే, ఆ మగ్గు తీసి అతని గంపలో వేశాను. మా ఆయన ఎక్కడి నుంచి చూశాడో, ఉరికొచ్చి గంపలో చెయ్యిపెట్టి తీసుకున్నాడు.

"దీన్ని ముట్టకు," అన్నాడు.

"ఏమున్నదయ్యా దాంట్ల? బంగారమా, వెండా?"

"ముట్టకు అన్న గద."

నాకు ఒళ్లు మండింది. ఆ రోజంతా మాట్లాడడం మానేశాను. ఆయనకు అదొక శిక్షే కాదని సాయంత్రానికి గాని నాకు తట్టలేదు. మాట్లాడడం ఆయన నాకంటే ముందే మానేశాడు మరి.

మొదట్లో ఇలా ఉండేవాడు కాదు. మాది హుస్నాబాద్ పక్కన పల్లె. రజాకార్ల గడబిడ సద్దుమణిగిన కొత్తలో, ఎద్దును కొనుక్కురమ్మని మా మామ ఈయనను అంగడికి పంపాడట. కరీంనగర్‌లో మిలిటరీవాళ్లు మనుషులను తీసుకుంటున్నారని అంగడిలో విన్నాడు. అటే పోయి, పరుగు పందెం పరుగెత్తి, ఛాతీ కొలిపించుకుని వచ్చాడు. "ఎద్దును తెమ్మంటే వీడే కాడికింద మెడ పెట్టి వచ్చిండు," అని మా మామ ఎంతమందికి చెప్పుకుని నవ్వేవాడో. సెలవు మీద ఇంటికి వస్తే మా వాకిట్లో జాతరే. పంజాబు చలి గురించి, గురక పెట్టి టెంటును లేపేసే హవల్దారు గురించి, రైల్లో పోగొట్టుకుని మళ్లీ రైల్లోనే దొరకబుచ్చుకున్న బూటు గురించి చెబుతుంటే చిన్నాపెద్దా కదిలేవారు కాదు. నేను పొయ్యి దగ్గర కూర్చుని కూర మాడబెట్టుకున్న రోజులున్నాయి.

చీనా లడాయి తర్వాత వచ్చిన మనిషి వేరు. ఎడమకాలి వేళ్లు రెండు మంచుకు పోయాయి. మిలిటరీవాళ్లు ఇక చాలని పంపించేశారు. ఆ మంచుకొండల మీద ఏం జరిగిందని ఊరంతా అడిగింది. "లడాయంటే లడాయే, ఏముంటది," అని లేచిపోయేవాడు. వాళ్ల అవ్వ అడిగినా అదే మాట, నేను అడిగినా అదే మాట.

మాజీ సైనికుడని బొగ్గుబాయిలో పని ఇచ్చారు. మంచిర్యాల దాటి రైలు పైకి పోతుంటే వచ్చే కాలనీల్లో ఒకటి మాది. వరసగా ఒకే గోడ పంచుకున్న క్వార్టర్లు, పొద్దున్నే ప్రతి వాకిట్లో బొగ్గుపొయ్యిల పొగ, పంపు దగ్గర బిందెల వరస. కరీంనగర్ నుంచి వచ్చినవాళ్లు, చాందా నుంచి, చత్తీస్‌గఢ్ దిక్కు నుంచి, కోస్తా నుంచి వచ్చినవాళ్లు. పంపు దగ్గర కొట్లాటలో మాత్రం అందరిదీ ఒకటే భాష. ఇప్పుడు తలుచుకుంటే ఆ పొగ వాసన కోసం కూడా ప్రాణం కొట్టుకుంటుంది. అప్పుడు మాత్రం రోజూ తిట్టుకునేదాన్ని.

మా గోడకు అవతల కరీంనగర్ నుంచి వచ్చిన ముస్లిం దంపతులు ఉండేవారు. ఆమెను నేను ఆపా అనేదాన్ని, ఆమె నన్ను చెల్లే అనేది. ఆమె భర్తను మేమంతా భాయ్ అనేవాళ్లం. బాయిలో కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని ఆయనది. లోపల ఎక్కడ నిలబడాలన్నా ముందు కర్రతో పైకప్పు కొట్టి చూడాలి. ఖంగుమంటే గట్టిదన్నట్టు, డొల్లగా మోగితే పరుగెత్తాలన్నట్టు. ఆ అలవాటు ఆయన్ను ఇంట్లో కూడా వదల్లేదు. గుమ్మం దాటుతూ గోడ మీద రెండు దెబ్బలు, అన్నానికి కూర్చుంటూ రెండు దెబ్బలు. "ఇల్లు గట్టిగనే ఉన్నది, తిను," అని ఆపా అవతల నుంచి విసుక్కోవడం మాకు వినపడేది. నాకు నవ్వొచ్చేది. మా ఆయన మాత్రం గోడ మీద ఆ చప్పుడు వినపడగానే చాయ్ మగ్గు కింద పెట్టి, చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి వెళ్లిపోయేవాడు. పక్కింటివాళ్లంటే గిట్టదేమో అనుకున్నాను. గిట్టకపోవడం ఏమిటి, ఈద్‌కు ఆపా పంపిన సేమ్యా పాయసం గిన్నె నాకితే గాని వదిలేవాడు కాదు.

పనికి పోయిన మొదటి రోజే ఆయన బాయి దగ్గరి నుంచి తిరిగి వచ్చాడు. మనుషులను కిందికి దించే ఇనప బోను దాకా పోయాడట. తలుపు తీసి లోపలికి రమ్మంటే రాలేదట. ఎవరెంత చెప్పినా అడుగు పడలేదట. చివరికి బాయి మీద, దీపాల గదిలో పని ఇచ్చారు. దిగేవాళ్లకు నెత్తిదీపాలు ఇవ్వడం, వాళ్ల ఇత్తడి బిళ్లలు తీసుకుని మేకులకు తగిలించడం, పైకి వచ్చాక దీపం తీసుకుని బిళ్ల తిరిగి ఇవ్వడం. నీడపట్టున కూర్చుని చేసే పని.

కాలనీ ఊరుకుంటుందా? "చీనోళ్లను చూసినోడు చీకటిని చూసి జడుసుకుంటుండు," అని ఒకరు అంటే, "ఫౌజీకి కిందికి దిగమంటే ఒళ్లు వణుకుతదట," అని ఇంకొకరు. ఆయన ముందు కాదు, నాకు వినపడేటట్టు, పంపు దగ్గర. నేను ఊరుకునే రకం కాదు. ఒకామె బిందె బోర్లించి వచ్చాను కూడా. కానీ ఇంటికి వచ్చి తలుపు మూసుకున్నాక నాకూ అదే ప్రశ్న. నా మొగుడు పిరికివాడా? అడగలేక, అడగకుండా ఉండలేక ఒకరోజు అడిగేశాను.

"అందరు దిగుతుండ్రు. నువ్వెందుకు దిగవయ్యా?"

ఆయన మగ్గు కడిగి, తుడిచి, బోర్లించి పెట్టాడు. ఆ వంచిన తల చూసి, అడిగినందుకు నన్ను నేను తిట్టుకున్నాను.

పాకిస్తాన్‌తో లడాయి వచ్చింది. కంపెనీ క్లబ్బులో రేడియో ముందు మగవాళ్లు గుంపులు కట్టేవారు. కిటికీ అద్దాలకు నల్ల కాగితాలు అంటించమన్నారు. మన బొగ్గు మీద బాంబులు వేస్తారని ఎవరో అంటే, మా కాలనీకి ఉన్నట్టుండి గొప్పతనం వచ్చినట్టయింది. ఆఫీసర్ మా ఆయనను పిలిపించాడు. క్వార్టర్ల మధ్య కందకాలు తవ్వించాలి, విమానాలు వస్తే ఏం చెయ్యాలో ఆడవాళ్లకు నేర్పాలి, లడాయి చూసినవాడివి నువ్వే, అన్నాడు.

ఆ రోజు ఆయన ఇంటికి వచ్చిన నడక నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. కుంటుకాలు కూడా తొందరపడుతోంది. ఇస్త్రీ చేయించి దాచుకున్న ఖాకీ చొక్కా తీశాడు. తెల్లారి నుంచి క్వార్టర్ల మధ్య ఆయన గొంతే. కందకం తిన్నగా తవ్వితే లాభం లేదు, పాములా వంకర్లు తిరగాలి, ఒక వంపులో బాంబు పడితే పక్క వంపులోవాళ్లు బతుకుతారు, అని తవ్వేవాళ్లకు విప్పి విప్పి చెబుతుంటే నేను గడపలో నిలబడి విన్నాను. నాకు లడాయితో పని లేదు. నా మొగుడికి మాట తిరిగొచ్చింది, అది చాలు. బాంబులు పడకపోయినా లడాయి ఇంకొన్ని రోజులు నడిస్తే బాగుండని కూడా అనుకున్నాను, దేవుడు క్షమించాలి.

ఆడవాళ్లకు పాఠం చెప్పిన రోజు కాలనీ అంతా నవ్వులే. సైరన్ మోగగానే కందకంలోకి దిగి బోర్లా పడుకోవాలి, చెవుల్లో దూది పెట్టుకోవాలి, పళ్ల మధ్య గుడ్డపేలిక కరిచిపట్టుకోవాలి. ఆదిలాబాద్ మిల్లుల నుంచి వచ్చిన దూదిని ఆయనే ఇల్లిల్లూ తిరిగి పంచాడు.

"చెవుల్ల దూది పెట్టుకుంటే నువ్వు చెప్పేది ఎట్ల ఇనబడుతది ఫౌజీ భాయ్?" అంది ఆపా.

"నోట్లె గుడ్డ పెట్టుకుంటే గీమె ఎట్ల బతుకుతది?" అని నన్ను చూపించి ఇంకొకామె అంది. మా ఆయన కూడా నవ్వాడు. నేను కోపం నటించాను.

ఆ నవ్వుల మధ్యనే ఆపా నా చెవి దగ్గర అంది, "చూసినవా చెల్లే? ఫౌజీ భాయ్ అంతా గట్టు మీదికెల్లే చెప్తుండు. లోపలికి ఒక్క అడుగు పెట్టలే."

నేను చూశాను. నిజమే. ఎలా పడుకోవాలో చూపించడానికి కూడా ఆయన చదును నేల మీదే పడుకున్నాడు.

రిహార్సల్‌కు ఒక పొద్దు ఖాయం చేశారు. ముందు రోజు డప్పు కొట్టించి మరీ చెప్పారు. వేరే సైరన్ లేదు కాబట్టి బాయి సైరనే మోగిస్తారు, పొడుగ్గా మోగితే అందరూ కందకాల్లోకి దిగాలి, ఇది ఉత్తుత్తిదే, ఎవరూ పరేషాన్ కావద్దు. ఆ పొద్దున చాయ్ తాగుతూ మా ఆయన నాకు మళ్లీ చెప్పాడు. "నువ్వు ముందు దిగాలె. నిన్ను చూసి అందరు దిగుతరు," అన్నాడు. "అట్లనే," అన్నాను. దూది ఉండ కూడా కొంగున ముడి వేసుకున్నాను.

నేను జొన్నరొట్టె కొడుతుండగా సైరన్ మోగింది. షిఫ్టు మారే వేళ కాదు. పొడుగ్గా, ఆగకుండా.

తర్వాత ఏమైందో నేను ఆలోచించి చేసింది కాదు. పిండి చేతులతోనే లేచాను. వాకిలి దాటాను. కందకం నా ముందే ఉంది. దాన్ని దాటి దూకాను. నా పక్కన ఆపా, కాళ్లకు చెప్పుల్లేవు. వెనక పంపు దగ్గరివాళ్లు, బిందెలు అక్కడే దొర్లుతున్నాయి. చంకలో పిల్లలున్నవాళ్లు పిల్లలతోనే. కాలనీ ఆడవాళ్లమంతా ఒక్కతీరుగా బాయి వైపు ఉరుకుతున్నాం. వేళగాని వేళ సైరన్ మోగిందంటే బాయిలో ప్రమాదమన్నట్టు, అప్పుడు మా కాళ్లకు తెలిసిన దారి అదొక్కటే. నా మొగుడు కింద లేడు, పైనే ఉన్నాడు, ఈ సైరన్ మోగించమని చెప్పిందే ఆయన. అయినా ఉరికాను. కందకాల్లోకి దిగింది ఎవరయ్యా అంటే, ముందటి వానకు చేరిన కప్పలు, ఎవరిదో ఒక మేక.

మా ఆయన ఈల ఊదుకుంటూ కుంటుకుంటూ మా వెనక వచ్చాడు. మొహం ఎర్రబడింది.

"ఏమైందే మీకు? ఉత్తదే అని చెప్పిన గద! వాపస్ నడువుండ్రి!"

ఎవరూ కదల్లేదు. ఇది ఉత్తదే అని మా అందరికీ తెలుసు. తెలిసినా బాయి ముందు నిలబడ్డాక వెనక్కి తిరగడం ఎవరివల్లా కాలేదు. ఆఫీసర్ వచ్చి కేకలేశాడు. కిందికి ఫోను చేశాం, అందరూ క్షేమమే, పోండి అన్నాడు.

ఆపా ముందుకు వచ్చింది. "పోయినేడు కప్పు కూలిన నాడు గూడ గిదే మాట చెప్పిండ్రు సాబ్. అందరు మంచిగున్నరు, పోండ్రి అన్నరు. పొద్దుగూకినంక మంచాల మీద తెచ్చిండ్రు," అంది. "ఎవరన్న దిగి కండ్లార చూసి వచ్చి చెప్తేనే పోత."

ఆఫీసర్ దగ్గరున్న గుమాస్తా నేను పోతానన్నాడు. ఆపా తల అడ్డంగా ఊపింది. చుట్టూ చూసి, మా ఆయన దగ్గర ఆగింది.

"ఫౌజీ భాయ్, నువ్వు దిగి చూసి రా. నువ్వు అబద్ధం చెప్పవు. నీ మాటైతే నమ్ముత."

ఎత్తిపొడుపు కాదు అది. ఆ గాబరాలో ఆమెకు ఆయన దిగడన్న సంగతే గుర్తులేదు. పంపు దగ్గర నన్ను ఎత్తిపొడిచిన ఆడవాళ్లంతా అక్కడే ఉన్నారు. అందరి కళ్లూ ఆయన మీదే. మెడలో వేలాడుతున్న ఈలను ఆయన పట్టుకున్నాడు. ఇక్కడ దిగకపోతే ఈ మనిషి మళ్లీ తల ఎత్తడు, తిరిగొచ్చిన ఆ మాట కూడా పోతుంది, అని నాకు అర్థమైంది. అయినా వద్దనాలనిపించింది. పరువు పోతే పోనీ, రా, ఇంటికి పోదాం అనాలనిపించింది.

ఆయన దీపాల గదిలోకి పోయాడు. రోజూ అందరికీ ఇచ్చే దీపాల్లో ఒకటి తీసి తన నెత్తికి కట్టుకున్నాడు. బోను తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగాడు. నా వైపు చూడలేదు. లోపలికి పోయాడు. తలుపు పడింది. తాడు కదిలింది.

అంతవరకూ నేను ఆ గుంపులో ఒక తోడుగానే నిలబడ్డాను. బోను కిందికి పోయాక నేనూ కింద మనిషి ఉన్న ఆడదాన్నే అయ్యాను. ఆపా నా పిండి చెయ్యి పట్టుకుంది. "ఫికర్ చెయ్యకు చెల్లే," అంది. రోజూ ఈ ఆడవాళ్లు రొట్టెలు కాల్చుకుంటూ, తల దువ్వుకుంటూ, నాతో కొట్లాడుతూ ఎలా ఉండగలుగుతున్నారో నాకు అర్థం కాలేదు. ఎంతసేపయిందో తెలియదు. నాకైతే చాలాసేపు.

బోను పైకి వచ్చింది. మా ఆయన దిగాడు. మొహమంతా మసి, కళ్లు మాత్రం తెల్లగా. ఆపా ముందు నిలబడి చెప్పాడు, "భాయ్ మంచిగున్నడు. తంబాకు సంచి ఇంట్లనే మర్చిపోయిండట. వచ్చేటాల్లకు తీసి పెట్టమన్నడు."

ఆపాకు నవ్వు, ఏడుపు ఒకేసారి వచ్చాయి. "గూట్లె ఉన్నది, పొద్దున చూసిన," అంది.

"నీ కొడుకు సద్దిల ఉప్పెక్కువైందన్నడు," అన్నాడు ఇంకొకామెతో. "నీ పెనిమిటి పండ్ల నొప్పి తగ్గిందట." ఒక్కొక్కరి మొహం చూసి, ఒక్కొక్కరికి అందాల్సిన మాట చెప్పాడు. చెప్పించుకున్నవాళ్లు చెప్పించుకున్నట్టు ఇళ్లకు మళ్లారు. బాయి సైరన్‌తో రిహార్సల్ మళ్లీ ఎప్పుడూ పెట్టలేదు.

లడాయి కూడా త్వరలోనే ఆగిపోయింది. ఆ కందకాల్లో చాన్నాళ్లు నీళ్లు నిలిచాయి. పూడ్చినచోట మట్టి గుల్లగా ఉందని ఆపా, నేను సొరపాదులు పెట్టాం. ఆ సొరకాయలంత లేతవి నేను మళ్లీ తినలేదు. దసరా ముందు బతుకమ్మ ఆడింది కూడా ఆ పక్కనే. అవన్నీ తర్వాతి ముచ్చట్లు.

ఆ సాయంత్రం ఆయన స్నానం చేసి వచ్చి పొయ్యి దగ్గర కూర్చున్నాడు. నేను రొట్టెలు కాలుస్తున్నాను. మగ్గు చేతిలోకి తీసుకుని, నేను అడక్కుండానే మొదలుపెట్టాడు.

"గా కొండల మీద, కందకంల నా పక్కన ఆదిలాబాద్ పిలగాడుండె. మిలిటరీకి రాకముందు దూది మిల్లుల పనిచేసిండు. సగం మరాఠీ, సగం తెలుగు. మస్తు నవ్వించెటోడు. తోపుగుండు పడి మట్టి, మంచు అంతా మీద కూలింది. నేను గీ దిక్కు, వాడు గా దిక్కు, నడుమ మట్టి. నా చేతిల గీ మగ్గున్నది. దీంతోటి రాయి మీద కొట్టిన. వాడు దేంతోనో మల్ల కొట్టిండు. నేను కొడితె వాడు కొడుతుండె. గట్ల చానసేపు. మాతోటోళ్లు తవ్వుకుంట వచ్చేటాల్లకు వాడు కొడ్తలేడు. నేను కొడ్తనే ఉన్న. బయటికి గుంజినంక గూడ కొడ్తనే ఉన్ననట."

పెనం మీద రొట్టె మాడుతోంది. నేను తీయలేదు. ఈ మగ్గునా నేను గంపలో వేసింది, అనుకున్నాను.

"ఇయ్యాల బాయిలకు దిగినంక నాకు కాలు లేవలే," అన్నాడు. "నెత్తికి దీపమున్నది గని ఏం కనబడలే. మల్ల గా కందకంలనే ఉన్న అనిపించింది. గప్పుడు చీకట్లకెల్లి చప్పుడు ఇనబడ్డది. భాయ్ కప్పు కొట్టి చూస్తుండు. గా చప్పుడు ఆగుతదేమోనని నిలబడి ఇన్న. ఆగలే. దాని ఎంబడి నడుసుకుంట పోయిన."

అప్పుడే గోడ అవతల భాయ్ షిఫ్టు దిగి ఇంటికి వచ్చినట్టున్నాడు. అలవాటు ప్రకారం గోడ మీద రెండు దెబ్బలు పడ్డాయి.

మా ఆయన లేచి బయటికి పోతాడనుకున్నాను. లేవలేదు. మోకాళ్ల మీద గోడ దాకా జరిగి, మగ్గు అడుగుతో రెండుసార్లు కొట్టాడు.

అవతల కాసేపు ఏ చప్పుడూ లేదు. ఆయన చెవి గోడకు ఆనించి ఉంది.

రెండు దెబ్బలు తిరిగి వచ్చాయి.

మా ఆయన గోడకు నుదురు ఆనించి ఏడ్చాడు. పెళ్లయ్యాక ఆయన ఏడవడం నేను చూసింది అదొక్కసారే. నేను పెనం దింపి, పోయి పక్కన కూర్చున్నాను.

"ఏంది ఫౌజీ భాయ్, ఏమన్న కావాల్నా?" ఆపా గొంతు గోడ మీదుగా వినిపించింది.

ఆయన ముక్కు తుడుచుకున్నాడు.

"ఏం లేదు," అన్నాడు. "ఊకెనే కొట్టిన."